మామ పొట్ట కొలతకు నాటిన బండలు

నన్ను కడప పక్క నుంచి బేతంచెర్ల పక్కకు ఇచ్చినారు. పెళ్లయి వచ్చిన రోజు బండి దిగి చూస్తే ఏముండాది ఈడ? బండలు. గోడలు బండలే, ఇంటి కప్పు బండలే, కాళ్ల కింద పరిచినవి బండలే, దొడ్డి చుట్టూ కంపకు బదులు వరసగా నిలబెట్టినవి కూడా బండలే. మా ఊర్లో ఏరు ఉండె, తమలపాకు తోటలు ఉండె. మా నాయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "కూతుర్ని కాపరానికి పంపినావా, రాళ్లు కొట్టనీకి పంపినావా" అని మనసులోనే తిట్టుకున్నా. పైకి అనే ధైర్యం అప్పటికి రాలేదు. తర్వాత వచ్చిందిలే, అది కూడా చెప్తా.

ఆ ఇంట్లో నాతో మొదట నోరు విప్పి మాట్లాడింది మా ఆయన కాదు, మా ఆయన జేజి. అంటే మా మామకు కన్నతల్లి. ఎండుకట్టె మాదిరి మనిషి. రెండు కండ్లల్లోనూ పొరలు కమ్మి, వెలుతురు ఏదో నీడ ఏదో తెలిసేదే తప్ప ముఖాలు కనపడేవి కావు. నా గడ్డం పట్టుకుని, ముక్కు తడిమి, "ముక్కు బాగుండాది. నడక ఎట్లుంటాదో చూడాల. బేస్తవారం నాతో రా" అనింది. ముక్కు చూసేవాళ్లను చూసినాగానీ నడక చూసేవాళ్లను నేను ఎప్పుడూ చూడలేదు.

బేస్తవారం వస్తే జేజి గుట్ట మీది కాలిదావ పట్టుకుని అవతలి ఊరికి పోతాది. అవతలి ఊర్లో ఆమె స్నేహితురాలు ఉండాది. దూది ఏకే ఇంటి ఆమె, మేమందరం ఆమెను అవ్వ అనేవాళ్లం. ఇద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఏదో కరువులో, రోడ్డు పనికి కంకర మోస్తా, ఒకే గంపకు చెరో పక్క చెయ్యేసి కలిసినారంట. పెండ్లిండ్లు అయి చెరో ఊర్లో పడినా ఆ గంప మాత్రం వదల్లేదు. ఒక వారం జేజి పోతే, ఇంకో వారం అవ్వ వస్తాది. ఒకరికొకరు "ఒదినా" అని పిలుచుకునేవాళ్లు.

జేజికి చెయ్యి ఆసరాగా ఎవరో ఒకరు పోవాల కదా. కొత్త కోడలికి పని సగమే వస్తాది, ఈమెను పంపితే ఇంట్లో ఏ పనీ చెడదు అని మా అత్త లెక్క వేసింది. నన్ను తోలింది.

నేను జేజిని నడిపిస్తా అనుకుని బయల్దేరినా. యాడిది! ఆమే నన్ను నడిపించింది. చెప్పులు ఇంట్లోనే ఇడిచిపెట్టమనింది. అరికాలికి వెచ్చగా నాపబండలు, పొరలు పొరలుగా మెట్ల మాదిరి తేలి ఉంటే, వాటి మీద ఆమె కాలు తడిమి తడిమి పెడతా చెప్పేది. "ఇదిగో ఇది ఊగే బండ, ఎడమ పక్క తొక్కు. ఇంక కలేచెట్టు వస్తాది, కొంగు పట్టుకో, ముండ్లు చించుతాయి. ఈ గుండురాయి దాటినావంటే గాలి మారతాది చూడు." గుండురాయి దాటినాం. నిజంగానే గాలి మారింది. కింద ఊర్లో ఊపిరాడని ఎండ, పైన కొండెక్కి వచ్చే సల్లటి గాలి. ఎండు గడ్డి వాసన. పొదల్లోంచి కౌజుపిట్టలు బుర్రుమని లేచినాయి. నేను భయపడి అరిస్తే, ఆ గుట్ట అంతా నా అరుపు తిరిగి నాకే వినిపించింది. జేజి పడీ పడీ నవ్వింది.

ఇంట్లో నేను కోడలిని. నెత్తిన కొంగు, గొంతులో మాట. ఆ దావలో మాత్రం ఎవరి కోడలినీ కాను. పరిగెత్తేదాన్ని. మా ఊరి పాటలు గొంతెత్తి పాడేదాన్ని. సీతాఫలాల కాలంలో చెట్టు కిందే కూచుని, చేతులు మోచేతుల దాకా జిగట చేసుకుని తినేదాన్ని. గింజలు ఎవరు దూరం ఉమ్మితే వాళ్లు గెలిచినట్టు అని జేజి పందెం పెట్టేది. ఆ ముసలామెను నేను ఒక్కసారి కూడా గెలవలేదు. రెండు నెలల్లో నాకు బేస్తవారం ఎప్పుడొస్తాదా అని పట్టుకునింది. మా నాయన మీద కోపం యాడ పోయిందో తెలీదు.

ఆ దావలో పనిమీద పోయేవాళ్లు శానా తక్కువ. బండ్లకు, సరుకులకు గుట్ట చుట్టూ తిరిగే బండ్ల దావ వేరే ఉండాది. గుట్ట మీదికి పోయేవాళ్లంతా ఊరికే పోయేవాళ్లే. అలిగినోళ్లు, కొత్తగా పెండ్లయినోళ్లు, ఏడ్చే బిడ్డను చంకన వేసుకున్న తల్లులు, గాలి కోసం పోయే ముసలోళ్లు. ఎద్దు పట్టదు, బండి పట్టదు. సైకిలు ఉన్న మొగోడు దాన్ని భుజాన ఎత్తుకుని దాటాల, అందరూ చూసి నవ్వేవాళ్లు. ఆ దావకు ఒక పద్ధతి ఉండె. కాలికి తగిలి నొప్పి పెట్టిన రాయిని తిట్టకుండా తీసుకుని పోయి, గుట్ట నెత్తిన, దావ అవతలికి దిగే కనుమ కాడ, కుప్ప మీద వేయాల. తగిలిన రాయి మాత్రమే, తగలని దాన్ని ముట్టుకోకూడదు. ఎన్ని తరాల నుంచి ఏసినారో ఏమో, ఆ కుప్ప మనిషి ఎత్తు ఉండె.

ఇట్లా సుఖంగా ఉండంగా లారీ వచ్చింది.

కర్నూలు రాజధాని అయిన కొత్త. ఆఫీసులు గుడారాల్లో నడుస్తా ఉంటే, ఊరంతా ఇండ్లు కట్టే సందడి. బండలకు గిరాకీ లేచింది. గుట్ట వెనక గని తీసుకున్న ఒక కాంట్రాక్టరు, చుట్టుదావ ఎందుకు, కాలిదావనే వెడల్పు చేసి లారీలు తోలుకుంటా, నేరుగా స్టేషనుకు చేరతాయి అన్నాడు. చెడ్డోడు కాదులే. నవ్వుముఖం, నోట్లో ఎప్పుడూ వక్కాకు. మా మామను అరుగు మీద కూచోబెట్టి, "ఏమప్పా, ఊరికి రోడ్డు వస్తాంటే వద్దంటావా" అని అడిగినాడు. మా మామ ఊరికి పెద్దమనిషే గానీ ఎవరికీ కాదు అని చెప్పలేడు. "చూద్దాంలేప్పా" అన్నాడు.

ఆ పొద్దు సంగటి ముందర పెట్టుకుని జేజి ముద్ద ముట్టలేదు. "లారీ వస్తే నన్ను మీరు ఆ దావలో పంపరు. పంపకూడదు కూడా. కండ్లు లేని దాన్ని, అది నా మీదికి వచ్చేది నాకేం తెలుస్తాది? చుట్టుదావలో నడిచే ఓపిక నాకు లేదు, అంత దూరం నడిచే ఓపిక ఆమెకూ లేదు. ఇంక నేను మా ఒదినను చూసేది ఎట్లరా?" అని కొడుకును అడిగింది. ఆమెకు చూపు పోయినా మిగిలిన సుఖం అదొక్కటే.

రెండు ఊర్లలోనూ ఆడోళ్లు ఒప్పుకోలేదు. గోల గోల అయి, ఆఖరికి తాసీల్దారు వచ్చి చూసి, అది కాలిదావనో బండ్ల దావనో తేల్చాలని మాట అయింది. తాసీల్దారు వస్తాండాడు అంటే మా ఊర్లో వచ్చిన హుషారు చెప్పలేను. "మనం ఆ దావను ఎంత బాగా చూసుకుంటాండామో ఆయనకు తెలియాల" అనింది మా అత్త. అంతే. ఈ పక్క నుంచి మేము, ఆ పక్క నుంచి వాళ్లు, గంపలు, పారలు, చీపుర్లు ఎత్తుకుని గుట్టెక్కినాం. తగిలిన రాయే తీయాల అన్న పద్ధతి ఎవరికి గుర్తుండాది? కనపడిన రాయినల్లా తీసి కనుమ కుప్ప మీద పోసినాం. ఊగే బండను పెకలించినాం. గుండురాయిని దొర్లించినాం. కలేచెట్టు కొమ్మలు నరికినాం. చీపురు పట్టి ఊడ్చినాం. నేనైతే అందరికంటే ముందు. కనుమ దాకా చూస్తే, పెండ్లి వాకిలి మాదిరి వెడల్పుగా, నున్నగా ఉండె. ఇంక ముగ్గు వేయడమే తక్కువ.

తాసీల్దారు వచ్చే పొద్దున అందరూ ముందే కనుమకు ఎక్కినారు, జేజిని తోడుకుని నేను ఆఖరున బయల్దేరినా. కొంచెం దూరం పోయి ఆమె నిలబడిపోయింది. కాలితో ఈ పక్క తడిమింది, ఆ పక్క తడిమింది. ఏమీ తగల్లేదు.

"యాడున్నామే?" అనింది.

"మన దావలోనే జేజీ."

"ఇది మన దావ కాదు. నన్ను యాడికో తెచ్చినావు." నా మణికట్టు పట్టుకునింది. ఎన్నడూ నా చెయ్యి అంత గట్టిగా పట్టుకోలేదు. ఏం చేసినామో నాకు అప్పుడు అర్థమైంది.

అంతలోపల వెనక నుంచి బుర్రుమని చప్పుడు. పిట్టలేమో అనుకున్నా. జీపు! తాసీల్దారు జీపులో కూచుని, మేము ఊడ్చిన దావ మీద ఒక్క కుదుపు లేకుండా, మమ్మల్ని దాటుకుని నేరుగా కనుమ దాకా ఎక్కిపోయినాడు. దిగి, టోపీ తీసి, నాలుగు పక్కలా చూసి, "చాలా మంచి రోడ్డు వేసుకున్నారే!" అన్నాడు. పక్కన కాంట్రాక్టరు ముఖం చూడాల. నవ్వు చెవుల దాకా పోయింది. "నాకు కూలి మిగిలించినారమ్మా తల్లుల్లారా" అని మా ఆడోళ్లకు దండం పెట్టినాడు. మా అత్త చీపురును వెనక దాచుకునింది.

జేజితో నేను అప్పుడే పైకి చేరినా. ఆయాసం ఒక పక్క, కోపం ఒక పక్క. మామ ఉన్నాడని, ఊర్లో మొగోళ్లంతా ఉన్నారని చూడలేదు. కొంగు జారిపోయింది, అది కూడా చూడలేదు.

"అయ్యా! ఇది రోడ్డు కాదు. మా ఆడోళ్లు మీకు మర్యాద చేసినారు. ఇంటికి చుట్టం వస్తాండాడంటే వాకిలి ఊడుస్తాం. అట్లని మా వాకిట్లో లారీ తోలుతారా?"

మా అత్త నా నడుం మీద గిల్లిన గిల్లుడు వారం దాకా మాననేలేదు. తాసీల్దారు మాత్రం నవ్వేసినాడు. "అమ్మా, నేను కంటితో చూసింది రాయాలి. జీపు పైదాకా వచ్చింది, అది అందరమూ చూశాం. ఇంకా కొన్ని పల్లెల్లో పని ఉంది. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ చూస్తాను. అప్పుడు ఏముంటే అదే రాస్తాను" అని చెప్పి పోయినాడు. ఆ మనిషి కావాలనే ఆ మాట అన్నాడని నాకు ఇప్పటికీ అనుమానం.

ఇంటికొచ్చి అందరూ దిగులుగా కూచుంటే జేజి అనింది. "రాళ్లు తీసింది ఎవరు? మీరే కదా. ఏసేదీ మీరే. ఏడుపు మొహాలు ఎందుకు పెట్టినారు, లేయండి!"

మరుసటి పొద్దే మళ్లీ గుట్టెక్కినాం. ఈసారి జేజి ముందర, మేమంతా వెనక. కనుమ కుప్పలోంచి రాళ్లు గంపల్లో ఎత్తుకుని దిగుతా ఉంటే, ఆమె కాలితో నేలను తడిమి, "ఈడ గుండురాయి" అంటాది, దొర్లించుకుని వస్తాం. "ఈ మూల కాదే, నా మోకాలికి తగలాల" అంటాది, జరుపుతాం. "ఊగే బండ ఊగలేదే, కింద ఏం పెట్టినారు? తీయండి!" ఊగేదాకా వదల్లేదు. కాలికి తగిలిన రాళ్లను అన్ని తరాలు మోసి పైకి తీసుకుని పోతే, వాటిని మళ్లీ కాలికి తగిలేటట్టు పెట్టేవాళ్లం మేమే అయినాం. నరికిన కలేచెట్టు మాత్రం మేము పెట్టలేం కదా. అదే చిగురు పెట్టుకునింది.

దావ ఇరుకైంది గానీ జేజికి నమ్మకం చిక్కలేదు. "వానికి కూలోళ్లు ఉండారు. రాళ్లు మళ్లీ తీపిస్తాడు. కనుమ కాడ బండలు నాటాల" అనింది. మా దొడ్డి చుట్టూ నిలబెట్టిన వాటిలోనే మంచి బండలు రెండు తవ్వించింది. బర్రెలు బయటపడి పక్కింటోళ్ల జొన్న మేసినాయి, అది వేరే గొడవ. కనుమ కాడ రెండు పక్కలా గుండ్లు ఉన్నాయి, మధ్యలో మనుషులు పోయే చోటు. ఆ చోట రెండు బండలు లోతుగా పాతి, మధ్యలో సందు ఇడవాల. సందు ఎంత ఇడవాల? మనిషి పోవాల, ఇంకేదీ పోకూడదు. మనుషుల్లో లావాటి మనిషి ఎవరు? అందరూ మా మామ పక్క చూసినారు.

మా మామ పొట్ట ఊర్లో పేరున్న పొట్ట. ఆయన సిగ్గుతో చచ్చిపోతా, రెండు బండల నడమ పక్కకు తిరిగి నిలబడినాడు.

"నేరుగా తిరుగురా. నడిచేవాడు పక్కకు తిరిగి నడుస్తాడా?" అనింది జేజి.

నేరుగా తిరిగినాడు. జేజి చెయ్యి చాపి కొడుకు పొట్టను తడిమింది. "ఊపిరి బిగబట్టాకు! వదులు!" వదిలినాడు. "ఇప్పుడు పాతండి" అనింది. ఆ కొలతకే పాతినారు. నవ్వలేక నేను గుండు వెనక్కి పోయి కూచున్నా. మా అత్త కూడా ఆడికే వచ్చింది. నేనూ మా అత్తా కలిసి నవ్వింది అదే మొదలు.

తాసీల్దారు తిరిగి వచ్చినాడు. జీపు గుట్ట మొదట్లోనే ఆగిపోయింది. దిగి నడిచినాడు. ఊగే బండ మీద ఊగినాడు, జేజి పట్టుకునింది. నరకంగా మిగిలిన కలేకొమ్మకు చొక్కా తగులుకునింది. కనుమ చేరి, రెండు బండల నడమ నుంచి దూరి, అవతల గాలికి నిలబడినాడు. మేమిచ్చిన సీతాఫలం తిని, గింజ ఉమ్మి, "కాలిబాటే" అన్నాడు. అట్లే రాసుకుని పోయినాడు. కాంట్రాక్టరు తల గోక్కుని, చుట్టుదావలో గుంతలు పూడ్పించుకుని లారీలు ఆ పక్కే తోలుకున్నాడు. తర్వాత ఆయన కూడా సాయంత్రాలు గాలికి కనుమకు వచ్చేవాడు, నడిచి.

ఆ వారం మా ఇంటికి అవ్వ వచ్చే వంతు. ఎదురుపోదామని జేజీ నేనూ కనుమకు ఎక్కినాం. అవతల నుంచి గంప నెత్తిన పెట్టుకుని అవ్వ వచ్చింది. బండల నడమ అడుగు పెట్టింది. ఆగిపోయింది.

మేము కొలిచింది మా ఊరి లావు. వాళ్ల ఊరి లావు మాకు గుర్తే లేదు! అవ్వ మా మామకంటే లావు. నేరుగా రాదు, పక్కకు తిరిగితే అసలే రాదు. ముందుకు ఒక తోపు తోసి, వెనక్కి పోయి, "ఒదినా, నీ కొడుకు కొలతలో నేను పట్టలా" అనింది. ఇద్దరూ నవ్విన నవ్వుకు గుట్ట మీద పిట్టలన్నీ లేచిపోయినాయి.

సంగతి తెలిసి మామ ఎక్కి వచ్చి, "ఒక జానెడు జరిపితే లారీ ఏమీ రాదులే అవ్వా, జరుపుతాం" అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "నాకోసం ఒక జానెడు జరిపితే, గాడిద కోసం ఇంకొకడు జానెడు అడుగుతాడు, బండి కోసం ఇంకొకడు. ముట్టుకోవద్దండి" అనింది. పోనీ జేజి సన్నగానే ఉండాది కదా, ఆమే అవతలికి పోతే సరిపోదా? దానికీ అవ్వ ఒప్పుకోలేదు. "నేను నీ ఇంటికి రాకుండా నువ్వు నా ఇంటికి వస్తే అదేం మర్యాద? ఇద్దరం ఈడనే కూచుందాం."

అట్లా ఆ బండలకు ఈ పక్క జేజి, ఆ పక్క అవ్వ. నడమ సందులో ఒక పలక రాయి వేసి ఇచ్చినా. దాని మీద మా పూర్ణం ఓళిగలు, వాళ్ల సేమ్యాలు, ఉడకబెట్టిన శెనిక్కాయలు. దావలో పోయేవాళ్లు వీళ్ల తిండి దాటుకుని పోవాల, దాటేటప్పుడు గుప్పెడు తీసుకునేవాళ్లు. బేస్తవారం ఆ దావలో మనుషులు ఎక్కువైనారంటే ఎక్కువ కారా మరి.

తర్వాతి ఏడు చలికాలంలో అవ్వకు విషజ్వరం వచ్చింది. వారాలు గడిచినా రాలేదు. జేజి మాత్రం ఆపలేదు. ఎక్కేది, కూచునేది, అవతల నుంచి వచ్చేవాళ్లను "ఎట్లుండాది?" అని అడిగేది. "లేసి కూచుంటాందంట" అంటే ఆ పొద్దు తినేది. లేకుంటే తెచ్చింది తెచ్చినట్టే మళ్లీ దించేది.

ఒక బేస్తవారం నేను కొంచెం పక్కన పండ్లు ఏరుతాండా. అడుగుల చప్పుడు వినపడలేదు, అంత తేలిక. తల ఎత్తి చూస్తే అవ్వ. చీర ఆమె మీద కొయ్యకు తగిలించినట్టు ఉండాది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతాండాయి. రెండు బండల నడమ నుంచి, యాడా తగలకుండా, గాలి మాదిరి ఈ పక్కకు వచ్చి జేజి పక్కన కూచునింది.

"ఒదినా" అనింది.

జేజి ముఖం వెలిగిపోయింది. చెయ్యి అలవాటుగా సందు పక్క చాపింది. ఆడ ఎవరూ లేరు. "యాడ కూచున్నావే?"

"నీ పక్కనే."

"ఈ పక్కనా?"

జేజి చెయ్యి తిప్పి ఆమె మణికట్టు పట్టుకునింది. మోచెయ్యి దాకా తడిమింది. భుజం తడిమింది. ఉన్నట్టుండి జేజికి అంత కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు. "ఎవరు రమ్మన్నారే నిన్ను ఈ పక్కకు? సిగ్గు లేదా? పో! నీ పక్కకు పోయి కూచో!" అని అరిచింది. అరుస్తానే ఏడ్చింది. అవ్వ లేచి, సందులోంచి అవతలికి పోయి, తన చోట్లో కూచునింది.

ఆ బేస్తవారం నుంచి మా ఇంట్లో పొయ్యి ఆరలేదు. నువ్వుల ఉండలు, వేడి వేడి కొర్రన్నంలో నెయ్యి, ఓళిగ మీద ఓళిగ. మా అత్త నోరెత్తకుండా చేసి ఇచ్చేది. నేను నెత్తిన మోసేదాన్ని. జేజి సందులోంచి చెయ్యి చాపి తినిపించేది, అవ్వ చాలు అంటే "నోరు మూసుకుని నోరు తెరువు" అనేది. తినడం అయినాక ప్రతిసారీ, "లేయి, దూరి చూపించు" అనేది. అవ్వ లేచి దూరేది. గాజుల చప్పుడు ఈ పక్కకు వినపడంగానే జేజి ముఖం మాడ్చుకునేది.

సీతాఫలాలు మళ్లీ వచ్చినాయి. ఆ పొద్దు కూడా తినిపించి, "లేయి, దూరు" అనింది. అవ్వ లేచింది. బండల నడమ అడుగు పెట్టింది. ముందుకు ఒక తోపు తోసింది. ఆగిపోయింది.

"ఒదినా! పట్టలా!"

జేజి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. ముఖం అంతా కన్నీళ్లు, తుడుచుకోను కూడా లేదు. "అట్లుండు" అనింది. "ఇంక ఆ పక్కనే ఉండు."